మెదడు లేకుండా మనసు ఉంటుందా? ఒకే ప్రశ్నలో ఇరుక్కున్న రెండు ప్రశ్నలు

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన యువకుడు బ్రెయిన్ డెడ్ అయ్యాడనీ, పుట్టెడు దుఃఖంలోనూ కుటుంబ సభ్యులు అవయవదానానికి ఒప్పుకున్నారనీ గోదావరి జిల్లాల పత్రికలలో వార్తలు వస్తుంటాయి. ఆ వార్త చదివిన చాలామందికి ఒక సందేహం మిగిలిపోతుంది. వెంటిలేటర్ మీద ఛాతీ లేచి పడుతూ ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది; అయినా మనిషి పోయాడని డాక్టర్లు అంటారు. అయితే మెదడే మనిషా? ఆసుపత్రిలో సంతకం పెట్టిన ఆ కుటుంబమే పదో రోజున గోదావరి ఒడ్డున పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తుంది. పోయినవాడు ఎక్కడో ఉన్నాడనీ, తమను ఇంకా ఎరుగుననీ అనుకోకపోతే ఆ ఎదురుచూపుకు అర్థం ఉండదు. 2027లో గోదావరి పుష్కరాలు వచ్చినప్పుడు రాజమహేంద్రవరం కోటిలింగాల రేవు మొదలు అంతర్వేది సాగరసంగమం దాకా ఇదే నమ్మకం లక్షల మంది చేతుల మీదుగా మళ్లీ కనబడుతుంది.

సంతకం పెట్టిన చెయ్యీ పిండం పెట్టిన చెయ్యీ ఒకటే కాబట్టి ఈ మనుషులు అయోమయంలో ఉన్నారని కొట్టిపారేయడం తేలిక. నిజానికి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా సాగే వాదన, పండిత సభలో జరిగినా రచ్చబండ దగ్గర జరిగినా, ఎటూ తేలదు.

మెదడు, మనసు, చైతన్యం: ఏ మాటతో దేనిని సూచిస్తున్నాం

మెదడు విషయంలో తగవు లేదు. పుర్రెలో ఉండే, కిలోన్నరకు కాస్త తక్కువ తూగే, సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న అవయవం అది. మనసు అన్నప్పుడు మనం సూచించేది కొన్ని పనుల సముదాయాన్ని: గుర్తుపట్టడం, జ్ఞాపకం ఉంచుకోవడం, లెక్క వేయడం, కోపం తెచ్చుకోవడం, నిర్ణయించుకోవడం. ఈ పనులు జరుగుతున్నప్పుడు లోపల ఒకరికి ఏదో అనిపిస్తూ ఉండటమే చైతన్యం.

పెళ్లి భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారనుకుందాం. ముద్ద నోట్లో పెట్టగానే అది పనసపొట్టు అని పోల్చుకోవడం, ఆవ కాస్త ఎక్కువైందని తేల్చడం, మేనత్త చేతి వంట గుర్తుకు రావడం, ఇవన్నీ మనసు చేసే పనులు. ఘాటు ముక్కుకెక్కి కళ్లు చెమర్చినప్పుడు మనకు తగిలే ఆ అనుభవం మాత్రం వేరు. కూరలో ఆవపిండి ఎంత ఉందో కొలిచి చెప్పే యంత్రాన్ని తయారు చేయవచ్చు. ఆ యంత్రానికి ఘాటు తగిలిందని ఎవరూ అనరు.

డాక్టర్లు స్పృహ అని పిలిచేది ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా, అడిగినదానికి జవాబు చెబుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా అని చూసి, 1974 నుంచి వాడుకలో ఉన్న గ్లాస్గో కోమా స్కేలు ప్రకారం 3 నుంచి 15 వరకు ఒక అంకె వేస్తారు. అది పైకి కనబడే స్పందనకు కొలత. లోపలి అనుభవాన్ని నేరుగా కొలిచే సాధనం ఇప్పటిదాకా లేదు.

దీనిని బట్టి ప్రశ్నలు రెండవుతాయి. మనసు చేసే పనులు మెదడు లేకుండా జరుగుతాయా అన్నది మొదటిది. అనుభవం అనేది అసలు ఎందుకు ఉంది, అది మెదడులోనే పుడుతుందా అన్నది రెండోది. మొదటిదానికి ఆధారాలు గుట్టలుగా ఉన్నాయి. రెండోదాని విషయంలో ఏది ఆధారమవుతుందన్న దగ్గరే పేచీ ఉంది.

మెదడులో మార్పు వస్తే మనసులో ఏమి మారుతుంది

అమలాపురం వైపు ఒక పల్లెలో డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ ఉందనుకుందాం. బీపీకి నీళ్లమాత్ర వేసుకుంటోంది. ఎండాకాలంలో రెండు రోజులు విరేచనాలయ్యాయి. మూడో రోజు పొద్దున్న కొడుకును చూసి, పోయి ఇరవై ఏళ్లయిన తమ్ముడి పేరుతో పిలిచింది. నాన్నగారు వీధి అరుగు మీద కూర్చున్నారు, కాఫీ ఇవ్వరేమని కోడలి మీద కేకలేసింది. గాలి సోకిందని ఒకరు, పెద్దలు పిలుస్తున్నారని ఇంకొకరు అన్నారు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే, 135కు తగ్గకూడని సోడియం 112 ఉంది. సెలైన్ ద్వారా దానిని నెమ్మదిగా పెంచుకుంటూ వచ్చారు. మూడు రోజుల తరువాత ఆవిడ కొడుకు వంక చూసి, "ఏరా, పొలం వైపు వెళ్లడం మానేశావా? చేలో నీళ్లు ఎవరు చూస్తున్నారు?" అంది. కల్పిత ఉదాహరణే అయినా, ఇటువంటి రోగిని చూడని డాక్టరు డెల్టాలో ఉండడు. ఎవరు తన కొడుకు, ఎవరు బతికున్నారు, ఎవరి మీద కోపం రావాలి అన్నవి మన మనసుకు అతి సొంతమైన విషయాలు. రక్తంలో ఒక లవణం తగ్గితే అవి తలకిందులయ్యాయి, పెరిగితే సర్దుకున్నాయి.

హెన్రీ మొలైసన్ కథ దీనికంటే లోతుకు వెళుతుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన ఈయనకు మూర్ఛలు ఏ మందుకూ లొంగలేదు. 1953లో, ఆయనకు 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మెదడుకు రెండు వైపులా కణతల లోపలి భాగాన్ని, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలా మేరకు కలుపుకొని, తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి గానీ కొత్త జ్ఞాపకాలు ఏర్పడటం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనను ఏళ్ల తరబడి పరీక్షించినా, ప్రతిసారీ ఆమె ఆయనకు కొత్త మనిషే. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య గీత గీయమంటే, మూడు రోజులలో ఆయన చెయ్యి చక్కగా తిరిగింది. మూడో రోజున కూడా ఇటువంటి పని తాను ఎన్నడూ చేయలేదనే అన్నాడు. నేర్చుకోవడం ఒక చోట, నేర్చుకున్నానన్న ఎరుక ఇంకొక చోట ఉన్నాయని, వాటిలో ఒకటి పోయి ఒకటి మిగలవచ్చనీ అప్పుడు తేలింది. 2008లో చనిపోయేదాకా ఆయన మర్యాద, హాస్యం, చిన్ననాటి జ్ఞాపకాలు అలాగే ఉన్నాయి.

ఇనుప కడ్డీ పుర్రెలోంచి దూసుకుపోయినా 1848 నుంచి 1860 వరకు బతికిన ఫినియస్ గేజ్ గురించి చాలామంది విని ఉంటారు. ప్రమాదం తరువాత అతని స్వభావమే మారిపోయిందన్నది ఆ కథలో ప్రసిద్ధమైన భాగం. ఆ తరువాత అతడు చిలీ దేశంలో కొన్నేళ్లు గుర్రపుబండి తోలి బతికాడన్న సంగతిని మాత్రం కథలు చెప్పేవారు వదిలేస్తుంటారు. కాబట్టి ఆ ఉదాహరణ మీద మరీ బరువు మోపకూడదు.

మెదడు రెండు అర్ధభాగాలనూ కలిపే నాడీ వంతెనను మూర్ఛ చికిత్స కోసం కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటువంటి ఒక రోగికి కుడి అర్ధభాగానికి మాత్రమే మంచు దృశ్యం, ఎడమ అర్ధభాగానికి మాత్రమే కోడి కాలు చూపించారు. కుడి అర్ధభాగం ఎడమ చేతిని, ఎడమ అర్ధభాగం కుడి చేతినీ మాటనూ నడుపుతాయి. బొమ్మలలోంచి సరైనవి ఏరమంటే ఎడమ చెయ్యి పారను, కుడి చెయ్యి కోడిని ఎంచుకున్నాయి. పార ఎందుకని అడిగితే, మంచును చూడని ఎడమ అర్ధభాగం తడుముకోకుండా, కోళ్ల గూడు శుభ్రం చేయడానికి అని జవాబిచ్చింది. ముక్కలు కాని ఏక వస్తువు ఆత్మ అనేవారికి ఇది చిక్కు ప్రశ్నే. అయితే 2017లో ఇద్దరు రోగులను పరీక్షించిన పింటో బృందం, వారి చూపు రెండుగా చీలినా, స్పందించే వ్యక్తి మాత్రం ఒక్కరిగానే ఉన్నట్టు నివేదించింది. వాదం ఇంకా ముగియలేదు.

కదలకపోతే తెలివి లేనట్టేనా

కట్లపాము కాటు గురించి తెలిసిన ఊళ్లలో ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. నేల మీద పడుకున్నవారిని అది రాత్రివేళ కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, కాళ్లు చేతులు చచ్చుబడతాయి, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. విషం దెబ్బతీసేది నరం నుంచి కండరానికి ఆజ్ఞ అందే చోటును; మెదడు మామూలుగానే ఉంటుంది. సమయానికి వెంటిలేటర్ పెడితే రోగి శవంలా పడి ఉంటాడు, కంటిపాపలు వెలుతురుకు కూడా కదలకపోవచ్చు. పైకి చూస్తే బ్రెయిన్ డెత్‌కూ దీనికీ తేడా తెలియదు. కొన్ని రోజులకు కోలుకుని, మంచం పక్కన తన గురించి ఎవరెవరు ఏమన్నారో చెప్పిన రోగుల ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

అందుకే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను ఒక్క డాక్టరు తేల్చకూడదు. నలుగురు వైద్యుల బృందం పరీక్షించాలి, కనీసం ఆరు గంటల ఎడంతో పరీక్షలను మళ్లీ చేయాలి, మత్తుమందులు, విషాలు, ఒళ్లు విపరీతంగా చల్లబడటం వంటి కారణాలేవీ లేవని ముందే నిర్ధారించుకోవాలి. మెదడు అడుగున ఉండి ఊపిరిని నడిపించే మెదడు కాండం శాశ్వతంగా పోతే సొంతంగా ఊపిరి తీసే శక్తి తిరిగి రాదు. కోమా వేరు, కళ్లు తెరిచి ఉన్నా స్పందన లేని స్థితి వేరు, బ్రెయిన్ డెత్ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, కోమా నుంచి లేచినవారిని చూపించి బ్రెయిన్ డెత్‌ను అనుమానించడం తరచుగా జరిగే పొరపాటు.

ఈ మూడింటిలో మధ్యదాని గురించి 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. ప్రమాదం తరువాత నెలల తరబడి ఏ స్పందనా లేని ఒక యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతులు ఊహించినప్పుడు పనిచేసే మెదడు భాగమే ఆమెలోనూ పనిచేసింది. ఇంట్లో గదుల మధ్య తిరుగుతున్నట్టు ఊహించమంటే వేరే భాగాలు పనిచేశాయి. 2024లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మంచం పక్కన ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో సుమారు నాలుగో వంతు ఇలా లోలోపల ఆజ్ఞను పాటించినట్టు కనబడింది. శరీరం సహకరించకపోయినా చైతన్యం ఉండగలదని దీనివల్ల తెలుస్తోంది. మెదడు లేకపోయినా ఉండగలదని మాత్రం తెలియదు. దానిని కనుగొన్నది మెదడు పనిని చూసే యంత్రాల ద్వారానే.

తూము నీటిని పుట్టిస్తుందా, వదులుతుందా

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నీ మనసు మెదడు మీద ఆధారపడి ఉందని చూపిస్తాయి. ఆధారపడటం అంటే అక్కడే పుట్టడమా? కాకపోవచ్చునని అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1898లో వాదించాడు. మెదడు చైతన్యాన్ని ఉత్పత్తి చేయకుండా, వేరే చోట ఉన్నదానిని లోపలికి రానిచ్చే సాధనంగా పనిచేస్తూ ఉండవచ్చునన్నది ఆయన ప్రతిపాదన.

డెల్టాలో దీనిని పంటకాలువ పక్కన నిలబడి ఆలోచించవచ్చు. శివారు ఆయకట్టులోని రైతుకు కనబడేది తన చేను తూము ఒక్కటే. తలుపు దించితే నీరు ఆగుతుంది, ఎత్తితే వస్తుంది, తూము పగిలితే చేను మునుగుతుంది. ఈ మూడింటినే చూస్తూ కూర్చుంటే, నీరు తూములోనే పుడుతోందో ధవళేశ్వరం నుంచి వస్తోందో ఎన్నటికీ తేలదు. రెండు ఊహలకూ అతడు చూసినవన్నీ సరిపోతాయి. మెదడు దెబ్బతింటే మనసు దెబ్బతింటుంది కనుక మనసు మెదడే అని తేల్చేసేవారు ఈ తర్కదోషంలో పడుతున్నారని జేమ్స్ పక్షం అంటుంది. తర్కం వరకు అది న్యాయమైన అభ్యంతరమే.

అయితే చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. తూము నీటి పరిమాణాన్నీ వేళనూ మార్చగలదు. మెదడులోని దెబ్బలు మార్చేవి అంతకంటే చాలా ఎక్కువ. ఒక చోట దెబ్బ తగిలితే ముఖాలు మాత్రమే గుర్తుపట్టలేరు, ఇంకొక చోట తగిలితే మాట అర్థమైనా పలకలేరు, మరొక చోట తగిలితే మొలైసన్‌లా నిన్నటిరోజు మిగలదు. మరోవైపు, 8,600 కోట్ల నాడీకణాలలో సుమారు 6,900 కోట్లు ఉండే చిన్నమెదడు పుట్టుకతోనే లేనివారు నడకలో, మాటలో ఇబ్బంది పడతారే తప్ప చైతన్యం లేకుండా ఉండరు. అంటే ఎన్ని కణాలున్నాయన్నదానికంటే అవి ఎలా అల్లుకుని ఉన్నాయన్నదే లెక్క. ముఖాలు, మాటలు, జ్ఞాపకాలు, స్వభావం, ఇన్నీ తూములోనే ఉంటే, పైనుంచి వచ్చే నీటిలో ఇక మిగిలేది ఏమిటి? పేరూ బంధుత్వమూ లేని, ఎవరిదో చెప్పలేని శుద్ధ అనుభవం మాత్రమే. ఈ వాదాన్ని నమ్మేవారు తమ నాన్నగారి కోసం వెతుకుతుంటే, వాదం వారి చేతిలో పెట్టేది మాత్రం నాన్నగారు కాదు.

ఈ పక్షం చూపించే బలమైన ఉదాహరణ ఒకటుంది. ఏళ్ల తరబడి మతిమరుపు వ్యాధితో ఎవరినీ గుర్తుపట్టని పెద్దలు కొందరు, పోయే ముందు కొన్ని గంటలు తేటగా మాట్లాడి, అందరినీ పేరుపేరునా పలకరిస్తారు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్నదే ఇది. పోయినదనుకున్న జ్ఞాపకం నిజంగా మెదడుతో పాటే నశించి ఉంటే, అది తిరిగి ఎలా వచ్చిందని వారి ప్రశ్న. దెబ్బతిన్న అల్లికలో కూడా వాడుకోదగిన భాగం మిగిలే ఉంటుందనీ, ఏదో కారణంతో అది కాసేపు పనిచేస్తుందనీ, మనసు మెదడులోనే పుడుతుందనే పక్షం జవాబు. మెదడు రికార్డింగులతో సహా నమోదైన ఉదంతాలు బాగా పెరిగితే తప్ప ఎవరి మాట నెగ్గిందీ చెప్పలేం.

అన్నీ వివరించాక కూడా మిగిలే ప్రశ్న

ఇప్పుడు రెండో ప్రశ్న. మెదడులో ప్రతి కణం ఏ క్షణాన ఏమి చేస్తోందో పూర్తిగా తెలిసిందనుకుందాం. ఆవ ఘాటు తగిలినప్పుడు ఏ నరం ఎప్పుడు స్పందించిందో, కళ్లెందుకు చెమర్చాయో, చెయ్యి నీళ్ల గ్లాసు వైపు ఎలా వెళ్లిందో అంతా చెప్పగలం. ఇంత యంత్రాంగం నడుస్తుండగా లోపల ఘాటు అనే అనుభవం కూడా ఎందుకుండాలి? చీకట్లో యంత్రం తిరిగినట్టు, ఎవరికీ ఏమీ అనిపించకుండా అదంతా జరిగిపోవచ్చు కదా? డేవిడ్ చామర్స్ 1990లలో దీనికి కఠిన సమస్య అని పేరు పెట్టాడు. అంతకు ముందే, 1974లో, థామస్ నేగెల్ అనే తత్త్వవేత్త, గబ్బిలం మెదడును ఎంత కోసి చూసినా గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందో తెలియదని వాదించాడు.

1998లో క్రిస్టాఫ్ కాఖ్ అనే నాడీశాస్త్రవేత్త, 25 ఏళ్లలో చైతన్యానికి మెదడులోని స్పష్టమైన గుర్తులు దొరుకుతాయని చామర్స్‌తో పందెం వేశాడు. 2023లో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు చెల్లించుకున్నాడు. పందెం కఠిన సమస్య మీద కూడా కాదు, అంతకంటే తేలికైన దాని మీదే అన్నది గమనించదగినది.

ప్రస్తుతం ఎక్కువగా చర్చలో ఉన్న సిద్ధాంతాలు రెండు. ఒకదాని ప్రకారం ఒక సమాచారం మెదడులోని ఒక మూలకే పరిమితం కాకుండా అన్ని విభాగాలకూ ఒకేసారి ప్రసారమైనప్పుడు అది చైతన్యంలోకి వస్తుంది. రెండోదాని ప్రకారం ఒక వ్యవస్థలోని భాగాలు విడదీయలేనంతగా ఏకమైతే అదే చైతన్యం. ఈ లెక్కన కొన్ని సాదా వ్యవస్థలకూ కాస్త చైతన్యం ఒప్పుకోవలసి వస్తుంది, అందుకే 2023లో వందమందికి పైగా పరిశోధకులు దానిని కుహనా శాస్త్రమని బహిరంగ లేఖ రాశారు. రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్న నియమాలతో 256 మంది మీద జరిపిన పరీక్షల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. రెండు సిద్ధాంతాలూ కొన్ని కీలకమైన చోట్ల దెబ్బతిన్నాయి. కఠిన సమస్య అనేదే భ్రమ అనేవారూ, అణువు స్థాయి నుంచే చైతన్యపు బీజం ఉందనేవారూ కూడా తత్త్వవేత్తలలో ఉన్నారు. నాకు మొదటివారి మాట మింగుడుపడదు. భ్రమ కూడా ఒకరికి అనిపించాలి కదా.

చైతన్యం పూర్తిగా వేరు వస్తువే అనుకుంటే చిక్కు తీరుతుందా? శరీరం, మనసు రెండు వేర్వేరు పదార్థాలన్న ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్‌కు 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరం రాస్తూ, చోటును ఆక్రమించని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని అడిగింది. ఆయన తృప్తికరమైన జవాబు ఇవ్వలేకపోయాడు. ఆమె ప్రశ్నకు కాలదోషం పట్టలేదు.

మన దర్శనాలలో మనసు ఏ పక్షాన ఉంది

పాశ్చాత్యులు మనసును మెదడుతో కట్టేశారనీ, మనవాళ్లు విడిగా నిలబెట్టారనీ తరచుగా వినబడే మాట. గ్రంథాలు అంత తేలికగా లొంగవు. చార్వాకులు చైతన్యం నేల, నీరు వంటి భూతాల కలయిక వల్లే పుడుతుందన్నారు. ఆకు, వక్క, సున్నం విడివిడిగా ఎర్రగా లేకపోయినా తాంబూలంలో ఎరుపు పుట్టినట్టే అన్నది వారి పేర చెప్పే ఉపమానం. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, ఆత్మ ఉందన్నారు గానీ, దానికి జ్ఞానం కలగాలంటే మనసుతో సంయోగం కావాలన్నారు. వారి లెక్కన మోక్షంలో ఆత్మకు తెలియడం అనేదే ఉండదు. బౌద్ధులు స్థిరమైన ఆత్మను నిరాకరించి విజ్ఞాన ప్రవాహాన్ని ఒప్పుకున్నారు.

అన్నిటికంటే ఆసక్తికరమైనది సాంఖ్యం. బుద్ధి, అహంకారం, మనసు మూడూ ప్రకృతి నుంచి పుట్టినవే, అంటే జడపక్షానివే. పురుషుడు, అంటే ఇక్కడ చైతన్యం, కేవలం సాక్షి. ఆలోచించడు, గుర్తుంచుకోడు, కోప్పడడు. గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు ఎక్కినట్టు ప్రకృతి నడుస్తుంది, పురుషుడు చూస్తాడు. ఎలిజబెత్ ప్రశ్న ఇక్కడ కూడా వేయవచ్చు: ఏ పనీ చేయని పురుషుడు గుడ్డివాడికి దారి ఎలా చెబుతాడు? అద్వైతం మనసును సూక్ష్మమైన జడంగానే ఉంచి, సాక్షి చైతన్యమొక్కటే సత్యమంది.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మనసు అన్నమయమని చెప్పి, నమ్మకం కలగడానికి ఒక పరీక్ష పెడతాడు. పదిహేను రోజులు తిండి మాను, నీళ్లు మాత్రం తాగు అంటాడు. పదహారో రోజున వేదం చెప్పమంటే కొడుకుకు ఒక్క మంత్రమూ తోచదు. వెళ్లి తినమంటాడు, తిని వచ్చాక అడిగినదల్లా చెబుతాడు. పెద్దావిడ సోడియం కథకూ దీనికీ నిర్మాణంలో తేడా ఏమీ లేదు.

అద్వైతులు, నైయాయికులు గాఢనిద్ర మీద జరిపిన వాదం ఇప్పటి ప్రయోగశాలల్లో కూడా పనికొస్తుంది. హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అని లేచినవాడు అంటాడు. ఏమీ తెలియలేదన్న సంగతి, హాయిగా ఉందన్న సంగతి అతనికి గుర్తున్నాయంటే, మనసు అణగిపోయిన ఆ వేళలో కూడా సాక్షి ఉన్నట్టేనని అద్వైతి అంటాడు. గుర్తుండటం కాదది, ఒళ్లు తేలిగ్గా ఉండటాన్ని, మధ్యలో జ్ఞాపకాలు లేకపోవడాన్ని చూసి తరువాత చేసుకున్న ఊహ మాత్రమేనని నైయాయికుడు జవాబిస్తాడు. కలలు లేని నిద్రలోనూ ఏదో ఒక మేర అనుభవం ఉంటుందా అని నేడు నిద్ర పరిశోధకులు అడుగుతున్నది దాదాపు ఇదే ప్రశ్న.

మనసే జడమైతే, పిండం అందుకునేది ఎవరు? మన సంప్రదాయాలు దీనికి సూక్ష్మశరీరాన్ని చూపిస్తాయి. మనసు, ఇంద్రియశక్తులు, సంస్కారాలు (గత అనుభవాల ముద్రలు) మోసుకుని ఒక దేహం నుంచి ఇంకొక దేహానికి వెళ్లేది అదే. గరుడపురాణం ప్రకారం దహనం తరువాత పదిరోజుల పిండాలతో ప్రేతకు తల మొదలుకొని ఒక్కో అవయవం ఏర్పడి, చివరికి ఆకలిదప్పులు కలుగుతాయి. శరీరమనే ఆధారం ఏదీ లేకుండా మనసు ఉత్తినే తేలుతూ ఉంటుందని ఈ కర్మకాండ కూడా అనుకోవడం లేదన్నమాట.

నాడీశాస్త్రంతో నిజంగా తగాదా ఉన్నది ఇక్కడే. అనుభవం ఎందుకుందో చెప్పలేని శాస్త్రం సాక్షి చైతన్యం లేదని తేల్చే స్థితిలో లేదు. సూక్ష్మశరీరం అలా కాదు. జ్ఞాపకాలను మెదడు బయట మోసుకుపోయే వాహనం ఒకటుందన్నది ప్రపంచం గురించిన వాస్తవ ప్రతిపాదన. మొలైసన్ మెదడులో ఒక భాగం పోగానే జ్ఞాపకాలు ఏర్పడటమే ఎందుకు ఆగిందో అది చెప్పవలసి ఉంటుంది. కఠిన సమస్య తీరలేదు కాబట్టి పునర్జన్మ రుజువైందనే ఉపన్యాసాలు, మెదడు స్కాన్లు వచ్చాయి కాబట్టి వేదాంతం తప్పని తేలిందనే ఉపన్యాసాలు, రెండూ ఒక ప్రశ్నకు దొరికిన జవాబును రెండో ప్రశ్న ఖాతాలో రాసేస్తున్నాయి.

చావు అంచు దాకా వెళ్లి వచ్చినవారి సాక్ష్యం

శివారు రైతుకు తూము దగ్గర తేలనిది కాలువగట్టు వెంట పైకి నడిస్తే తేలుతుంది. మెదడు ఆగిన వేళలో మనసుకు బయటి సంగతి ఏదైనా తెలిసిందా అని చూడటమే ఇక్కడ అటువంటి నడక.

గుండె ఆగి, మళ్లీ బతికిన 344 మంది మీద నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం 2001లో వెలువడింది. వారిలో 62 మంది, అంటే 18 శాతం, మరణ సమీప అనుభవాలు చెప్పారు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రిచా, అమెరికన్ మనోవైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ 1986లో 16 ఉదంతాలను ప్రచురించారు. పాశ్చాత్యులు తమ శరీరాన్ని పైనుంచి చూసుకున్నామని తరచుగా చెబితే, ఇక్కడివారు యమదూతలు తీసుకుపోయారనీ, చిట్టా తిరగేసి పొరపాటున వేరే మనిషిని తెచ్చారని వెనక్కి పంపారనీ చెప్పారు. భూమ్మీద నూకలున్నాయన్న మాట ఇటువంటివారి గురించే పుట్టి ఉంటుందేమో. ఎవరి సంస్కృతిలో ఉన్న బొమ్మలు వారికి కనబడటం ఇవి మెదడు అల్లినవే అనడానికి ఒక సూచన. అనుభవం నిజమే, చెప్పుకునే భాష మాత్రం ఊరిదన్నది అవతలివారి సమాధానం. గత జన్మ చెప్పే పిల్లల ఉదంతాలనూ స్టీవెన్సన్ వందల కొద్దీ సేకరించాడు. వాటిలో అనేకం రెండు కుటుంబాలు కలుసుకుని మాట్లాడుకున్న తరువాత నమోదైనవి కావడం వల్ల, ఏది పిల్లవాడు చెప్పింది, ఏది పెద్దలు అందించింది అన్నది విడదీయడం కష్టం.

శరీరం బయట ఉన్న అనుభూతిని మెదడులో ఒక చోట విద్యుత్తు తగిలించి కలిగించవచ్చని 2002లో ఓలాఫ్ బ్లాంకే బృందం చూపించింది. ప్రాణం పోతున్న ఎలుకల మెదడులో చివరి క్షణాలలో చురుకుదనం ఒక్కసారిగా పెరగడాన్ని 2013లోనూ, వెంటిలేటర్ తీసిన నలుగురు రోగులలో ఇద్దరిలో అటువంటిదే 2023లోనూ జీమో బోర్జిగిన్ బృందం నమోదు చేసింది. ఆ ఇద్దరూ బతకలేదు కనుక వారికి ఏమనిపించిందో తెలిసే దారి లేదు.

నిజమైన పరీక్ష అంటే, కళ్లకు అందని చోట ఉంచిన బొమ్మను గుర్తించడం. సామ్ పార్నియా బృందం అదే చేసింది. 2023లో వెలువడిన రెండో అధ్యయనంలో, ఆసుపత్రులలో గుండె ఆగిన 567 మందికి ప్రాణం పోసే ప్రయత్నం జరుగుతుండగా తల దగ్గర తెర మీద బొమ్మలు చూపించారు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మూడు పండ్ల పేర్లు వినిపించారు. కొందరి మెదడు రికార్డింగులలో ఛాతీ నొక్కడం మొదలై అరగంట దాటాక కూడా మామూలుకు దగ్గరైన తరంగాలు కనబడ్డాయి. అంటే మెదడు పూర్తిగా ఆగిపోయిందన్న ఊహే అక్కడ సరికాదు. బతికినవారు 53 మంది, మాట్లాడగలిగినవారు 28 మంది, ఏదో ఒక అనుభవం చెప్పినవారు 11 మంది. ఈ కొద్దిమందితో ఏదీ తేల్చలేమన్నది రెండు పక్షాలకూ వర్తిస్తుంది. తెర మీది బొమ్మ ఏమిటో ఎవరూ చెప్పలేదు. పండ్ల పేర్లు మాత్రం ఒకరు చెప్పారు, అవి చెవికి అందినవి.